బాపు గురించి ఏం రాయాలి?

ప్రశ్న: మాది హన్మకొండ. నాకు 38 ఏళ్లు, ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. మా బాపు చనిపోయి పది నెలలైంది. 1979లో ఆర్మీలో చేరాడు. ఆర్మీ బండ్లు, యంత్రాలు బాగుచేసే ఈఎంఈ విభాగంలో బండ్ల మెకానిక్. 2003లో హవల్దార్‌గా రిటైరై వచ్చి, అరవై నిండే దాకా ఒక బ్యాంకులో గార్డుగా చేశాడు. తాగుడు లేదు, తిట్టడం లేదు, ఒకరి జోలికి పోయింది లేదు. కానీ మాట్లాడేవాడు కాదు. నేను పుట్టినప్పుడు శ్రీలంకలో ఉన్నాడట. నన్ను మొదటిసారి చూసేసరికి నాకు పద్నాలుగు నెలలట. అక్కడ ఏం జరిగిందో ఏనాడూ చెప్పలేదు. నేను ఇంటర్ చదివిన రెండేళ్లూ రోజూ ఊళ్లోంచి స్కూటర్ మీద పరకాల రోడ్డు దాకా తీసుకొచ్చి, నా బస్సు కదిలేదాకా నిలబడేవాడు. ఒక్క మాట అనేవాడు కాదు. చివరి వారం ఆస్పత్రిలో కూడా నాతో అన్నది ఒకటే, 'రేపు రాకు, డ్యూటీ పోతది' అని. నేను రావడం ఆయనకు ఇష్టం లేదా? తలచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది.

సంవత్సరీకానికి అన్న పెద్ద ఫ్లెక్సీ వేయించి 'కార్గిల్ వీరుడు' అని రాయిస్తానంటున్నాడు. 1999లో బాపు జబల్‌పూర్‌లో ఉన్నాడని అమ్మ అంటుంది. ఆయన జీవితం గురించి నాలుగు పేజీలు నన్ను రాయమన్నారు, అచ్చు వేయించి చుట్టాలకు పంచుతారట. పెన్ను కదలడం లేదు. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. అమ్మ దగ్గర బాపు రాసిన ఇన్‌లాండ్ లెటర్లు ఒక కట్ట ఉంది, ముట్టుకోనివ్వదు. 'ఆయనకు ఇవన్నీ నచ్చవు' అంటుంది. బతికున్నప్పుడు ఎందుకు అడగలేదని నా మీద నాకే కోపం. ఆయనకు లోపల ఏదైనా డిప్రెషన్ ఉండేదా? నేనేం రాయాలి?

జవాబు: అమ్మా, ఆర్మీలో జవానుకు ఏడాదికి 60 రోజుల యాన్యువల్ లీవు, 30 రోజుల క్యాజువల్ లీవు ఉంటాయి. అన్నీ దొరికినా మూడు నెలలు. రైల్లో రానూ పోనూ పట్టే రోజులు, చివరి నిమిషంలో రద్దయ్యే సెలవులు తీసేస్తే ఇంకా తక్కువ. ఫ్యామిలీ క్వార్టర్ దొరికిన కాలం ఏదైనా ఉంటే అది తప్పిస్తే, మీకు పదిహేనేళ్లు వచ్చేదాకా మీ ఇల్లు ఆయన లేకుండా నడిచిన ఇల్లు. పొలం కౌలు ఎవరికివ్వాలి, ఎవరింట్లో పెళ్లికి ఎంత చదివించాలి, పిల్లల ఫీజు ఎప్పుడు కట్టాలి, అన్నిటికీ మీ అమ్మ ఉన్నారు. 2003లో ఆయన ట్రంకు పెట్టెతో కాజీపేటలో దిగి ఇల్లు చేరేసరికి ఇంట్లో ప్రతి పనికీ ఒక మనిషి ఉన్నారు, ప్రతి మాటకీ ఒక అలవాటు ఉంది. ఎదిగిన కూతురు ఉంది, ఆయన పెంచే వయసు దాటిపోయింది. ఇక ఆయనకు మిగిలిన పని ఏమిటి? మిమ్మల్ని బస్సెక్కించడం. ఆ పని ఆయన రెండేళ్లు రోజూ చేశారు. దించి వెళ్లిపోతే సరిపోయేది, బస్సు కదిలేదాకా ఉన్నారు. ఇది మీరు ఫిర్యాదుగా రాశారు. నాలుగు పేజీల్లో మొదటి పేజీ ఇదే.

మాట్లాడకపోవడం గురించి. 80లలో మన ఊళ్లలో ఆర్మీ ఉత్తరం ఎలా చదివేవాళ్లో పెద్దవాళ్లను అడిగి చూడండి. చాలా ఇళ్లలో భార్యకు చదువు రాదు. పోస్ట్‌మ్యానో, బడిపంతులో, పక్కింటి పిల్లవాడో అరుగు మీద కూర్చొని పైకి చదివితే అత్తామామలు, ఆడబిడ్డలు చుట్టూ చేరి వినేవాళ్లు. జవాబు కూడా అతనితోనే రాయించాలి. అలాంటి ఉత్తరంలో ఏ భర్త అయినా ఏం రాయగలడు? 'నేను క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను. మనియార్డర్ పంపాను, అందిన వెంటనే తెలియజేయగలరు.' చిరునామాలో ఊరి పేరు ఉండదు. నంబరు, ర్యాంకు, యూనిట్ పేరు, కింద 56 ఏపీఓ అనో 99 ఏపీఓ అనో ఆర్మీ పోస్టాఫీసు నంబరు ఉంటుంది. ఎక్కడున్నాడో రాయకూడదు, ఏం చేస్తున్నాడో రాయకూడదు, మనసులో ఉన్నది పది మంది ముందు చదివించలేడు. 24 ఏళ్లు అలా రాసిన మనిషికి ఎదురుగా కూర్చున్నప్పుడు కూడా మాట అంతవరకే వస్తుంది. మీ అమ్మ చదువుకున్నారో లేదో మీరు రాయలేదు. చదవడం వచ్చి ఉంటే ఆ కట్టలో మీరెవరూ చూడని మనిషి ఉండొచ్చు.

అయినా సరే, ఆ కట్ట జోలికి పోకండి. అవి ఆమెకు వచ్చిన ఉత్తరాలు. ఆమె లేనప్పుడు తీయడం, ఫోన్‌లో ఫొటోలు తీసుకోవడం, అన్నతో చెప్పించి ఒత్తిడి పెట్టడం, ఏదీ వద్దు. ఆమె తనంతట తాను ఒకటి తీసి చేతికిస్తే చదవండి. ఇవ్వకపోతే అది ఆమె హక్కు. సంవత్సరీకం కోసం అచ్చు వేయించే పుస్తకం కంటే అది పెద్దది.

శ్రీలంక గురించి కొంచెం వివరంగా చెబుతాను. మీ అన్నకు చెప్పాల్సిన జవాబు అక్కడే ఉంది. 1987 జులై 29న అప్పటి మన ప్రధాని రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం మీద సంతకాలు చేశారు. మన సైన్యం అక్కడికి శాంతి పరిరక్షక దళంగా వెళ్లింది. తమిళ మిలిటెంట్ల దగ్గర ఆయుధాలు అప్పగింపజేసుకోవడం పని. అదే ఏడాది అక్టోబరుకల్లా ఆ మిలిటెంట్లలో బలమైన సంస్థ ఎల్టీటీఈతోనే పోరాటం మొదలైంది. చివరి దళాలు 1990 మార్చిలో తిరిగొచ్చాయి. ఈ మధ్యలో మనవాళ్లు వెయ్యి మందికి పైగా చనిపోయారు. రోడ్ల మీద మందుపాతర్ల భయం ఎప్పుడూ ఉండేది. పాడైన బండిని, పేలిన బండిని లాక్కొచ్చి మళ్లీ నడిచేలా చేయాల్సింది ఈఎంఈ వాళ్లే. మెకానిక్ అనగానే షెడ్డులో కూర్చొని స్పానర్ తిప్పే ఉద్యోగం అని చుట్టాలు అనుకుంటారు. మీరు అలా అనుకోకండి.

1971 యుద్ధం గురించి చెప్పాలంటే జవానుకు మాటలు వెతుక్కునే పని లేదు. పాకిస్తాన్‌తో 13 రోజుల యుద్ధం, గెలిచాం. కార్గిల్‌ను ఇంట్లో కూర్చొని టీవీలో చూశాం. శ్రీలంక నుంచి వచ్చినవాళ్లను ఊళ్లో అడిగినవాళ్లు తక్కువ. ఎవరితో కొట్లాడావు, ఎందుకు కొట్లాడావు అంటే ఒక ముక్కలో చెప్పే జవాబు లేదు మరి. తిరిగొచ్చిన దళాలకు మద్రాసులో స్వాగతం చెప్పడానికి అప్పటి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు. చనిపోయిన మనవాళ్లకు శ్రీలంకలో కొలంబో దగ్గర స్మారకం ఉంది. ఢిల్లీలో మన జాతీయ యుద్ధ స్మారకం తెరుచుకున్నది 2019లో. ఇన్నేళ్లూ ఆ పేరు ఎత్తేవాళ్లే లేనప్పుడు మీ బాపు ఎవరికి చెప్పాలి? చెబితే వినేవాళ్లకు ఏం అర్థమయ్యేది?

అందుకే 'కార్గిల్ వీరుడు' వద్దు. ఆ రోజు భోజనానికి వచ్చిన మాజీ సైనికుల్లో ఒక్కరు 'ఈయన అప్పుడు జబల్‌పూర్ వర్క్‌షాప్‌లో కదా' అన్నారనుకోండి, బతికినన్నాళ్లు ఒకరితో మాట పడని మనిషి పోయాక మాట పడాల్సి వస్తుంది. కార్గిల్‌లో కొడుకులను పోగొట్టుకున్న ఇళ్లున్నాయి, వాళ్లనూ తలచుకోవాలి. ఇక మీ అన్న మీద కోపం పెట్టుకోకండి. తండ్రిని పొగడటానికి ఆయన లేని మాట వెతుక్కుంటున్నారంటే, ఉన్న మాట ఆయనకూ తెలియదన్నమాట. మీలాగే ఆయనా ఖాళీ చేతులతో ఉన్నారు. కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పండి: 'అన్నా, బాపు శ్రీలంక పోయిండు. మన ఊళ్లె ఎంతమంది పోయిన్రు? అదే రాద్దాం. ఎవరడిగినా తలెత్తుకొని చెప్పొచ్చు.' ఫ్లెక్సీ మీద పేరు, హవల్దార్, ఈఎంఈ, 1979–2003, శ్రీలంక శాంతి పరిరక్షక దళంలో సేవ. అంతే చాలు.

రాసే ముందు ఆయన డిశ్చార్జి బుక్ తీయండి. చేరిన తేదీ, ట్రేడు, వచ్చిన మెడల్స్ అందులో ఉంటాయి. మెడల్స్ ఇంట్లో ఉంటే అంచు తిప్పి చూడండి. ఆయన నంబరు, పేరు చెక్కి ఉంటాయి. మీ పిల్లలకు కూడా చూపించండి.

తర్వాత మనుషుల దగ్గరికి వెళ్లండి. ఆర్మీ క్యాంటీన్ రోజున ఆయన పక్కన లైన్లో నిలబడే పాత స్నేహితులుంటారు. బ్యాంకులో ఆయనతో పనిచేసిన అటెండర్లు, క్యాషియర్లు ఉంటారు. 'మా బాపు ఎలాంటి మనిషి' అని మాత్రం అడగొద్దు. 'చాలా మంచివాడమ్మా' అని ఊరుకుంటారు. 'పింఛను డబ్బుల కోసం వచ్చే ముసలివాళ్లతో ఎట్లుండేవాడు? మధ్యాహ్నం ఎక్కడ కూర్చొని తినేవాడు? ఎప్పుడన్నా కోపం చేసిండా?' అని అడగండి. చిన్న ప్రశ్నకే అసలు మనిషి బయటికొస్తాడు. అమ్మను కూడా కాగితం, పెన్ను పట్టుకొని ఎదురుగా కూర్చొని అడగకండి. పెత్రమాస, అదే పెద్దలకు బియ్యం ఇచ్చే అమావాస్య, దగ్గరికొచ్చింది. ఏడాది నిండకముందు బియ్యం ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇంటి ఆచారం. ఎలాగైనా ఆ పూట వంటింట్లో ఆమె పక్కన కూరగాయలు తరుగుతూ కూర్చోండి. 'బాపుకు ఏ కూర ఇష్టం' దగ్గర మొదలుపెట్టండి. ఆమె ఆపేస్తే మీరూ ఆపేయండి.

'రేపు రాకు, డ్యూటీ పోతది' అన్న మాట మీకు ముల్లులా గుచ్చుకుంటోంది. ఒక్కో సెలవు కోసం అర్జీ పెట్టుకొని, దొరికిన దాన్ని లెక్కపెట్టుకొని 24 ఏళ్లు బతికిన మనిషి అది. కూతురి సెలవు తన మంచం పక్కన ఖర్చవుతుంటే చూడలేకపోయారేమో. ఇది నా ఊహ. నమ్మితే నమ్మండి, లేకపోతే వదిలేయండి. కానీ 'నేను రావడం ఇష్టం లేదు' అన్నది కూడా ఊహే కదా. దాన్ని మాత్రం మీరు పది నెలలుగా నిజమని మోస్తున్నారు.

డిప్రెషన్ ఉండేదా అని అడిగారు. లేని మనిషికి మీ ఉత్తరం ఒక్కటి చూసి రోగం పేరు పెట్టడం న్యాయం కాదు. రాత్రుళ్లు ఉలిక్కిపడి లేచేవారా, దీపావళి బాంబులంటే లోపలికి వెళ్లిపోయేవారా, నిద్ర పట్టేది కాదా అన్నది మీ అమ్మకు తెలుస్తుంది. ఆమె చెబితే ఆయన్ని ఇంకొంచెం అర్థం చేసుకుంటారు. చెప్పకపోయినా మీరు రాయాల్సింది ఆగదు. మన నాన్నల తరంలో ఆర్మీ మొహం చూడనివాళ్లు కూడా పిల్లలతో ఇంతే మాట్లాడారు.

ఎందుకు అడగలేదని మిమ్మల్ని మీరు తిట్టుకుంటున్నారు. అడగాల్సిన బాధ్యత అంతా పిల్లలదే అని ఎవరన్నారు? ఆయనా చెప్పి ఉండొచ్చు. ఒక ఆదివారం పక్కన కూర్చోబెట్టుకొని 'నువ్వు పుట్టినప్పుడు నేను ఫలానా చోట ఉన్నా' అని ఉంటే మీకు ఈ బాధ ఉండేది కాదు. ఆయన మంచి తండ్రి. ఆయన మౌనం మిమ్మల్ని బాధపెట్టింది. రెండూ నిజాలే, ఒకటి చెప్పినంత మాత్రాన రెండోది కొట్టుకుపోదు. ఆయన మీద కోపం వస్తే రానివ్వండి. తప్పేం లేదు.

రాసేటప్పుడు 'మహోన్నత వ్యక్తిత్వం', 'ఆదర్శమూర్తి' లాంటి మాటలు పెట్టకండి. అవి పక్క ఫ్లెక్సీలో ఉన్న ఆయన గురించీ ఉంటాయి. చేసిన పనులు రాయండి. 'బాపు మాతో ఎక్కువ మాట్లాడలేదు, అది మాకు లోటుగానే ఉంది' అన్న వాక్యం కూడా రాయండి. అమ్మకు ముందే చదివి వినిపించండి. ఆమె వద్దన్న ముక్క తీసేయండి. నాలుగు పేజీలు రాకపోతే ఒకటిన్నర పేజీ చాలు.

ఇంకో ముఖ్యమైన సంగతి. అమ్మకు ఫ్యామిలీ పెన్షన్ మొదలైందా? మీరు రాయలేదు. మొదలు కాకపోతే డెత్ సర్టిఫికెట్, ఆయన పెన్షన్ ఉత్తర్వు (పీపీఓ), డిశ్చార్జి బుక్ తీసుకొని సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. రికార్డుల్లో ఆమె పేరు, పుట్టిన తేదీ ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉండటం మన దగ్గర మామూలు. ఉంటే ఇప్పుడే సరిచేయించండి. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. మాజీ సైనికుల కుటుంబాలకు వైద్యం అందించే ఈసీహెచ్ఎస్ కార్డు సంగతీ అక్కడే కనుక్కోండి. ఏటీఎం కార్డు ఎవరి దగ్గరున్నా డబ్బు మాత్రం ఆమెది.

మీకు నిద్ర పట్టకపోయినా, బడిలో పాఠం చెబుతుండగా ఏడుపు వస్తున్నా 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ వాళ్లది, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

సంవత్సరీకం రోజు మీరు రాసింది చదవమంటే చదవండి. గొంతు పట్టేస్తే కాగితం మీ అన్న చేతికివ్వండి, మిగతాది ఆయన చదువుతారు. ఫ్లెక్సీ మాట మాత్రం ఈ వారమే తేల్చుకోండి, అచ్చుకు ఇచ్చాక గొడవే మిగులుతుంది.