మామగారి ఫొటో ఎవరు పెట్టాలి?

ప్రశ్న: మాది కరీంనగర్. పెళ్ళయ్యాక న్యూజెర్సీలో ఉంటున్నాం. మావారి అమ్మానాన్నలు మెక్సికోలోని ప్వెబ్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ళు. ఫిబ్రవరిలో మామగారు పోయారు. అప్పటినుంచి అత్తగారు మాతోనే ఉంటున్నారు. నవంబరులో ఆయన పేరు మీద ఇంట్లో ఓఫ్రెండా, అంటే పోయినవాళ్ళ ఫొటో, దీపం, తిండి పెట్టే బల్ల, పెడతానన్నారు. నాకు ఏడో నెల. కడుపుతో ఉన్న ఇంట్లో పోయినవాళ్ళకి దీపం, తిండి పెట్టడం అశుభమని మా అమ్మ రోజూ ఫోన్లో చెబుతోంది. మావారినడిగితే, "పెడితే అమ్మ మళ్ళీ ఏడుస్తుంది. నీకు ఇష్టం లేదని చెప్పేశాను. క్రిస్మస్ కూడా వద్దు, మీలో ఏడాదిపాటు పండగలు చేసుకోరు కదా" అన్నారు. అత్తగారు నాతో సరిగా మాట్లాడటం లేదు. ఓఫ్రెండా పెడితే బిడ్డకేమైనా కీడా?

జవాబు: కీడేమీ లేదు. పెత్తరమాస నాడు మీ ఇంట్లో పెద్దల పేరు చెప్పి బియ్యం ఇస్తారు. కోస్తాలో సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెడతారు. ఇంట్లో కోడలు కడుపుతో ఉందని అవి మానేయరు. అమ్మకి ఈ మాట ఒక్కసారి చెప్పి ఊరుకోండి, రోజూ వాదన పెట్టుకోకండి.

మీ ఉత్తరంలో నాకు కోపం తెప్పించింది వేరే మాట. "నీకు ఇష్టం లేదని చెప్పేశాను." మీరు ఇష్టం లేదనలేదు, భయపడి అడిగారు. వద్దనుకున్నది ఆయన. తండ్రి పోయి ఎనిమిది నెలలైంది. తల్లి పక్కన కూర్చుని నాన్న గురించి మాట్లాడారన్న ముక్క మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆవిడ ఏడుస్తుందన్నది సాకు. ఆవిడ ఏడిస్తే తానూ ఏడవాల్సి వస్తుందని ఆయనకి తెలుసు. కష్టమొస్తే మగవాడు పళ్ళబిగువున భరించాలని నేర్పిన ఇల్లు అది, మన ఇళ్ళలాగే. ఆ బరువు మోయలేక మన సూతకాన్ని, మీ పేరుని అడ్డం పెట్టుకున్నారు. తల్లికి తాను చెప్పలేనిది భార్య నెత్తిన రుద్దడం తప్పు. మీరు దాన్ని మౌనంగా భరించకండి.

అత్తగారి దగ్గరికెళ్ళి "నేనలా అనలేదు" అని చెప్పకండి. అది ఆయన చేతే చెప్పించాలి. ఆయనతో ఇంతే అనండి: "ఆ మాట నాది కాదు. ఈ ఆదివారం లోపు అమ్మకి మీరే చెప్పండి. ఫొటో మీరే పెట్టండి." దాటేస్తే, ఆదివారం సాయంత్రం మీ ముగ్గురూ ఉన్నప్పుడు, ఆయన ముందే, అత్తగారికి మీ మాటగా చెప్పండి.

ఇంట్లో మనిషి పోతే ఏడాదిపాటు పండగలు చేయకూడదన్నది మన ఆచారం. ప్వెబ్లాలో తీరు వేరు. అక్కడి వాకెచూలా ఊళ్ళో ఆ ఏడాది మనిషి పోయిన ఇళ్ళలోనే ప్రత్యేకంగా తెల్ల శాటిన్ బట్టతో అంతస్తులుగా, ఒక్కోసారి పైకప్పు తాకేంత ఎత్తు ఓఫ్రెండా కడతారు. ఊరి జనం ఇల్లిల్లూ తిరిగి చూస్తారు. వచ్చినవాళ్ళకి రొట్టె, వేడి చాక్లెట్ ఇస్తారు. భర్త పోయిన ఆడమనిషి ఆ రెండు రోజుల్లో పదిమంది ముందు ఆయన పేరు ఎత్తి ఏడవగలదు. మీవారు వద్దంటున్నది ఆ అవకాశాన్ని.

పెట్టే పద్ధతి అత్తగారినే అడగండి, ఇంటింటికీ మారుతుంది. మామూలుగా అక్టోబరు 31 సాయంత్రానికి సిద్ధం చేసి, నవంబరు 2 దాకా ఉంచుతారు. గోడవారగా బల్ల, మీద తెల్లబట్ట, ఫొటో, గ్లాసుడు నీళ్ళు, కాస్త ఉప్పు, కొవ్వొత్తులు, పండ్లు, పాన్ దె ముయెర్తో రొట్టె, మామగారికి ఇష్టమైన వంట. బంతిపూలకి ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డు మీద మన షాపులున్నాయి, దీపావళి రోజుల్లో దండలు దొరుకుతాయి. బంతి పుట్టిల్లు మెక్సికోనే. గుమ్మం నుంచి బల్ల దాకా రేకులు పరుస్తారు. మీరు కాలుజారకుండా వాటిని గోడ పక్కగా పోయించండి. కోపాల్ ధూపం బొగ్గు మీద వేస్తారు కాబట్టి కిటికీ తీసి, మీరు వేరే గదిలో ఉన్నప్పుడు కాసేపే వేయమనండి. రంగు కాగితాల తోరణం మంటకి మూరెడు దూరంలో ఉండాలి. రాత్రి పడుకునేముందు కొవ్వొత్తులు ఆర్పి బ్యాటరీ దీపాలు పెట్టండి. మోలే కూర చిన్న గిన్నెలోనే పెట్టమనండి. రెండు గంటలకు మించి బయట ఉన్నదాన్ని మీరు మాత్రం తినకండి.

నవంబరు 2న చర్చిలో పోయినవాళ్ళందరి కోసం పూజ ఉంటుంది. తల్లిని మీవారే తీసుకెళ్ళాలి. ఫిబ్రవరిలో సంవత్సరీకం పూజకి ఆ తేదీ ఇప్పుడే అడిగి రాయించమనండి, చాలా చర్చిల్లో నెలల ముందే నిండిపోతాయి.

డిసెంబరు 16 నుంచి 24 దాకా పోసాదాస్, అంటే క్రిస్మస్ ముందు ఇళ్ళలో కలిసి జరుపుకునే తొమ్మిది రాత్రులు. అన్నీ అక్కర్లేదు, అత్తగారు ఎంచుకున్న ఒక్క రాత్రికి ఎవరింటికైనా వెళ్ళిరండి. 24న తమాలెస్ (మొక్కజొన్న పిండిని ఆకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించే వంట) మాత్రం మానకండి. కిలో మొక్కజొన్న పిండి చాలు, సుమారు యాభై వస్తాయి. మొక్కజొన్న పొత్తుల ఆకులు వేడినీళ్ళలో గంట నానాలి. ఆకుకి పిండి రాసే పని మీవారిది, తల్లి పక్కనే కూర్చుని. చేతులు పనిలో ఉంటే కళ్ళలోకి చూడకుండా మాట్లాడుకోవచ్చు. మీరు స్టవ్ దగ్గర నిలబడకండి, ఆవిరి మీద గంటంపావు పడుతుంది.

అత్తగారు రోజూ జపమాల తిప్పుతూ ఏడవడం జబ్బు కాదు. ఎన్నడూ తప్పని ఆదివారం పూజ మానేసినా, షుగరు, బీపీ మాత్రలు వదిలేసినా, బట్టలు వదులయ్యేలా చిక్కిపోయినా, "నన్నూ తీసుకుపో" అని పదేపదే అంటున్నా డాక్టరుకి చూపించడం ఆలస్యం చేయకండి. ప్రాణం తీసుకుంటానన్న మాట వస్తే ఒంటరిగా వదలకుండా ఆత్మహత్య ఆలోచనలకి సాయం చేసే 988కి ఫోన్ చేయండి, 2 నొక్కితే స్పానిష్‌లో మాట్లాడతారు. ఆ తరం తల్లులు చాలామంది దిగులు అనరు, గుండె పట్టేసింది, తల నొప్పి, నెర్వియోస్ (నరాల బాధ) అంటారు. గుండె నొప్పి అంటే ముందు గుండెకే చూపించాలి. డాక్టరు దగ్గర కొడుకుని దుబాసీగా కూర్చోబెట్టకండి, ఆయన ముందు ఆవిడ అసలు సంగతి చెప్పదు. ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులు దుబాసీని ఉచితంగా ఇవ్వాలి. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి.