పెరటి డెక్‌కు హీలాక్ తీసుకోవచ్చా?

ప్రశ్న: మేము న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్నాం. నా వయసు 36. హెచ్‌-1బి మీద పనిచేస్తున్నాను, గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 దరఖాస్తుకు ఆమోదం వచ్చింది. నా భార్య ఉద్యోగం చేయడం లేదు, ఇద్దరు పిల్లలు. జూన్‌లో నాన్నగారి షష్టిపూర్తికి అమ్మానాన్నలు తెనాలి నుంచి వస్తున్నారు. ఆలోపు పెరట్లో 16 అడుగులకు 20 అడుగుల కాంపోజిట్ డెక్ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపిన పలకల అరుగు) కట్టించాలనుకుంటున్నాం. కాంట్రాక్టర్ 34,000 డాలర్లు చెప్పాడు. పొదుపులో ఉన్న 14,000లో 10,000 అడ్వాన్సుగా ఇచ్చి, మిగతా 24,000 హీలాక్ (ఇంటి మీద బ్యాంకు ఇచ్చే, కావలసినప్పుడు వాడుకునే అప్పు పరిమితి) నుంచి వాడుకుంటే 8 శాతం చొప్పున నెలకు 160 డాలర్లే పడుతుంది. బ్యాంకు 60,000 దాకా ఇస్తానంటోంది కనుక మిగిలిన పరిమితి అత్యవసరానికి ఉంటుంది. ఇంటి ఖర్చులు నెలకు 8,500 అవుతాయి, 2,000 మిగులుతుంది. ఇలా చేయవచ్చా?

జవాబు: చేయకండి. ‘మిగిలిన పరిమితి అత్యవసరానికి ఉంటుంది’ అన్న మీ వాక్యం చదివాకే ఈ జవాబు రాయాలనిపించింది. అమెరికాలో ఇల్లు కొన్న మనవాళ్లు చాలామంది నాతో ఇదే మాట, ఇంతే ధీమాగా అంటున్నారు. ఇంటి విలువ గణనీయంగా పడిపోయినా, మీ ఆర్థిక పరిస్థితిలో పెద్ద మార్పు వచ్చి మీరు వాయిదాలు కట్టలేరని బ్యాంకుకు అనిపించినా, ఆ పరిమితిని తగ్గించే లేదా నిలిపివేసే హక్కు దానికి ఉంటుంది. ఉద్యోగం పోవడం కన్నా పెద్ద మార్పు ఏముంటుంది? 2008 సంక్షోభంలో ఇళ్ల ధరలు కూలినప్పుడు బ్యాంకులు అప్పటికే మంజూరు చేసిన పరిమితులను సైతం కోసేశాయి. సరిగ్గా మీకు అక్కరపడిన రోజున మూతపడగల తలుపును నిధి అని ఎలా అనుకుంటున్నారు?

మీ చేతిలో నిజంగా ఉన్నది 14,000 డాలర్లు. నెలకు 8,500 చొప్పున అది యాభై రోజులకు కూడా చాలదు. హెచ్‌-1బి ఉద్యోగం పోతే దేశంలో ఉండి మరో ఉద్యోగం చూసుకోవడానికి దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు, దేశంలో ఉండేందుకు అనుమతి గడువు చూపే మీ ఐ-94 అంతకన్నా ముందే ముగిస్తే అప్పటిదాకానే. అంటే గడువు కన్నా మీ డబ్బే ముందు అయిపోతోంది. పైగా ఆ రోజుల్లో ఖర్చు 8,500 దగ్గర ఆగదు. ఆరోగ్య బీమాను కోబ్రా (ఉద్యోగం పోయాక కంపెనీ బీమాను కొనసాగించుకునే చట్టం) కింద కొనసాగించాలంటే ఇప్పటిదాకా కంపెనీ భరించిన వాటాతో కలిపి మొత్తం ప్రీమియంలో 102 శాతం దాకా మీరే కట్టాలి. ఇక 10,000 అడ్వాన్సు ఇచ్చేస్తే మిగిలే 4,000 రెండు వారాలకు సరి.

నెలకు 160 అన్న లెక్క కూడా చూద్దాం. అది వడ్డీ మాత్రమే. పదేళ్ల డ్రా కాలం (పరిమితి నుంచి డబ్బు తీసుకోగల కాలం) అంతా అలాగే కడితే 19,200 డాలర్లు పోతాయి, అసలు 24,000 చెక్కు చెదరదు. వడ్డీ రేటు బ్యాంకుల మూల వడ్డీ అయిన ప్రైమ్ రేటుతో మారుతుంది కనుక ఆ 160 కూడా స్థిరం కాదు. తిరిగి ఇండియాకు వెళ్లవలసి వచ్చి ఇల్లు అమ్మితే, మొదటి గృహరుణంతో పాటు దీన్ని కూడా తీర్చాకే మీ చేతికి ఏదైనా వస్తుంది. డెక్ మీద పెట్టిన ఖర్చంతా అమ్మకం ధరలో తిరిగి వస్తుందన్న మాటను మాత్రం కాంట్రాక్టర్ నోట విని నమ్మకండి.

ఒక్కరి జీతం మీద, అదీ వీసా మీద నడిచే ఇంటికి ఆరు నెలల ఖర్చు, అంటే 51,000 డాలర్లు, కనీసం చేతిలో ఉండాలి. ఇంకా 37,000 తక్కువ ఉన్నాయి. నెలకు 2,000 చొప్పున ఏడాదిన్నర దాటుతుంది. ఎప్పుడంటే అప్పుడు తీసుకోగల పొదుపు ఖాతాలోనే ఆ డబ్బు ఉండాలి. కంపెనీ ఆర్‌ఎస్‌యూలను (జీతంతో పాటు ఇచ్చే కంపెనీ షేర్లను) ఈ లెక్కలో కలపకండి: ఉద్యోగాలు ఊడే కాలంలోనే వాటి ధర కూడా పడుతుంది, ఇంకా వెస్ట్ కానివి, అంటే మీ సొంతం కానివి, ఉద్యోగంతో పాటే పోతాయి. డెక్ కోసం 401(కె) రిటైర్మెంట్ ఖాతా మీద అప్పు తీసుకునే ఆలోచన ఉంటే అదీ వద్దు.

నిధి కుదిరాక డెక్ కట్టించుకోండి. అప్పటికి 12 అడుగులకు 14 అడుగుల ప్రెషర్ ట్రీటెడ్ (కుళ్లకుండా మందు ఎక్కించిన) చెక్క డెక్ చాలేమో ఆలోచించండి. న్యూజెర్సీలో కాంట్రాక్టర్ రాష్ట్రం దగ్గర నమోదై ఉండాలి, 500 డాలర్లు దాటిన పనికి రాతపూర్వక ఒప్పందం ఉండాలి. టౌన్‌షిప్ పర్మిట్ రాకముందే 10,000 అడిగేవాడిని నేనైతే గుమ్మం దగ్గరే ఆపేస్తాను. డబ్బును దశలవారీగా ఇవ్వండి. పునాది గుంతలు తవ్వాక, కాంక్రీటు పోయకముందే ఇన్‌స్పెక్టర్ వచ్చి లోతు చూస్తాడు. మీ ప్రాంతంలో నేల దాదాపు మూడడుగుల దాకా గడ్డకడుతుంది కనుక, పునాది అంతకన్నా పైనే ఆగితే చలికాలంలో స్తంభాలు పైకి లేస్తాయి. ఆ తనిఖీ ముగిశాక ఒక వాయిదా, ఫ్రేము పూర్తయ్యాక ఒకటి, తుది తనిఖీ తరువాత మిగతాది.

జూన్ వేడుకకు పచ్చికలో ఒక టెంటు అద్దెకు తీసుకుంటే సరిపోతుంది. మీ ఉత్తరంలో డెక్ కొలతల గురించి కూడా రాశారు, అరవై ఏళ్ల నాన్నగారికి తీసుకోవలసిన విజిటర్ ఇన్సూరెన్సు గురించి ఒక్క మాటా లేదు. ప్రతి చికిత్సకూ ఇంతేనని పరిమితి పెట్టే చవక పాలసీలు కాకుండా, కాంప్రిహెన్సివ్ పాలసీని వారిద్దరూ విమానం ఎక్కేలోపు తీసుకోండి.