చీటీ డబ్బు రెండు లక్షలు వచ్చింది, హోమ్ లోన్‌కి కట్టేయాలా?

మీ లెక్క ఇదీ: పలాసలో ఇల్లు, 25 లక్షల లోను, 20 ఏళ్లు, 8.5 శాతం ఫ్లోటింగ్ వడ్డీ (అంటే మధ్యలో మారే వడ్డీ), ఇంకా మొదటి ఏడాదే. చేతికి రెండు లక్షల చీటీ డబ్బు వచ్చింది. ఆఫీసులో వాళ్లు ఫిక్స్‌డ్ డిపాజిట్ అంటున్నారు, మీ ఆవిడ బంగారం అంటున్నారు. నన్నడిగితే కట్టండి, కానీ మొత్తం కట్టకండి.

ముందు బయట ఏమైనా వడ్డీ అప్పు ఉందేమో చూసుకోండి. మన శ్రీకాకుళం వైపు నూటికి రెండు రూపాయల వడ్డీ మామూలే కదా. అంటే ఏడాదికి 24 శాతం. అదే లెక్కలో మీ బ్యాంకు వడ్డీ నూటికి డెబ్బై పైసల చిల్లర. రెండు రూపాయల అప్పు నెత్తిన పెట్టుకుని డెబ్బై పైసల అప్పు తీర్చడం ఏం లెక్క? క్రెడిట్ కార్డు బాకీ ఉంటే అది ఇంకా దారుణం, దాన్నే ముందు వదిలించుకోండి.

అలాంటివేమీ లేకపోతే ఇప్పుడు కట్టిన రూపాయికి ఉన్న బలం తర్వాత కట్టినదానికి ఉండదు. మీ ఈఎంఐ, అంటే నెల వాయిదా, 21,700 దాకా ఉంటుంది. అందులో మొదటి నెల వడ్డీకే 17,700 పోతుంది, అసలుకి చేరేది నాలుగు వేలు. మొదట్లోనే రెండు లక్షలు కట్టి ఈఎంఐ అలాగే ఉంచితే సుమారు 43 నెలలు తగ్గుతాయి, వడ్డీలో ఏడు లక్షల పైచిలుకు మిగులుతుంది. అదే రెండు లక్షలు 15 ఏళ్లు గడిచాక కడితే తగ్గేది 13 నెలలే, మిగిలేది లక్ష లోపు. వడ్డీ రేటు ఇలాగే ఉంటుందనుకుని వేసిన లెక్క ఇది. రేటు మారితే అంకెలూ మారతాయి.

మరి మొత్తం ఎందుకు వద్దంటున్నాను? నేను టీచర్ని, శ్రీకాకుళం బలగలో ఇల్లు కట్టుకున్నాను. డీఏ బకాయిలు, సరెండర్ లీవు డబ్బు వచ్చినప్పుడల్లా సగం లోనుకి కట్టి సగం డిపాజిట్ చేసేవాణ్ణి. స్టాఫ్ రూమ్‌లో దీనికి పిసినారి ప్లాన్ అని పేరు కూడా పెట్టారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చింది. ఉద్దానంలో మా నాన్నగారి కొబ్బరి తోట చాలావరకు నేలకూలింది. జీడి చెట్లూ పోయాయి. కొబ్బరి మళ్లీ నాటితే కాపుకి ఏళ్లు పడుతుంది, ఇంట్లో ఖర్చులు అప్పటిదాకా ఆగవు కదా. ఆ డిపాజిట్లు విరగ్గొట్టే ఇల్లు నడిపాం. బ్యాంకుకి కట్టిన సగం అడిగితే తిరిగిరాదు. ఓవర్‌డ్రాఫ్ట్ తరహా హోమ్ లోన్ అయితే వెనక్కి తీసుకోవచ్చు, మామూలు లోనుకి ఆ వీలు లేదు. అందుకే ఆరు నెలల ఇంటి ఖర్చు, ఈఎంఐతో కలిపి, విడిగా పెట్టుకుని మిగిలిందే కట్టండి. అది ఎనభై వేలే అయినా నష్టం లేదు.

డిపాజిట్ వాదనకి ఒక్క మాట. దానిమీద వచ్చే వడ్డీ సాధారణంగా మీ లోను వడ్డీ కంటే తక్కువ, పైగా దానికీ పన్ను. పాత పన్ను విధానంలో ఉంటే మాత్రం సొంతింటి లోను వడ్డీకి ఏడాదికి రెండు లక్షల దాకా మినహాయింపు ఉంది. 20 శాతం శ్లాబులో మీ 8.5 ఇంచుమించు 6.8గా పడుతుంది, అప్పుడు తొందర లేదు. కొత్త విధానంలో సొంతంగా ఉంటున్న ఇంటికి ఆ మినహాయింపు లేదు. బంగారం సంగతి నన్నడక్కండి, మా ఇంట్లోనే ఆ పంచాయితీ తేలలేదు.

కట్టేటప్పుడు పార్ట్ పేమెంట్, అంటే అసలులో కొంత ముందే కడుతున్నాం అని చెప్పి, ఈఎంఐ తగ్గించవద్దు, గడువు తగ్గించండి అని కాగితం మీద రాసివ్వండి. ఈఎంఐ తగ్గిస్తే నెలనెలా కాస్త ఊపిరి ఆడుతుంది గానీ వడ్డీలో మిగిలేది బాగా తక్కువ. ఫ్లోటింగ్ వడ్డీ మీద వ్యక్తులు తీసుకున్న ఇంటి లోనుకి ముందే కట్టినందుకు బ్యాంకు పెనాల్టీ వేయకూడదు, రిజర్వు బ్యాంకు 2012లోనే ఆపేసింది. ఎవరైనా ఛార్జీ అంటే ఆ సంగతి గుర్తుచేయండి. వారం తర్వాత కొత్త వాయిదాల షెడ్యూల్ తీసుకుని, చివరి వాయిదా తేదీ పాతదానికంటే ముందే పడిందో లేదో చూసుకోండి.