హిట్ పాటలు బంద్ అన్నావట, ఒక మాట విను

నాన్నా,

ఈ ఏడాదంతా హిట్ పాటల జోలికి పోనని, వారానికో కొత్త రకం సంగీతం వింటానని పట్టుబట్టి కూర్చున్నావట, మీ అమ్మ చెప్పింది. సంతోషం వేసింది, గుబులూ వేసింది. యాప్ ఏది వినిపిస్తే అదే తమ ఇష్టం అనుకునేవాళ్ల మధ్య నీకు ఈ బుద్ధి పుట్టినందుకు సంతోషం. గుబులు ఎందుకో కింద రాశాను, సగంలో వదిలేసి "చదివేశా పెద్దమ్మా" అని అబద్ధం చెప్పకు.

చిన్న విషయాలు ముందు. వారానికి ఒక్కటే పెట్టుకో. విన్నది రాసిపెట్టుకో. వేరే పని చేస్తూ వినకు.

పాట మూడు నిమిషాల్లో అయిపోవాలని ఎవరూ శాసనం చేయలేదురా. నిమిషానికి 78 సార్లు తిరిగే పాత పది అంగుళాల గ్రామఫోన్ రికార్డు ఒక్కో వైపు దాదాపు మూడు నిమిషాలే పట్టేది, పాట ఆ కొలతకు కుదిరిపోయింది. 1948లో ఎక్కువసేపు మోగే ఎల్పీ రికార్డు వచ్చినా ఆ అలవాటు పోలేదు. ఇప్పుడేమో స్పాటిఫైలో 30 సెకన్లు వింటేనే ఆ పాట విన్నట్టు లెక్కలోకి వస్తుంది, అందుకని మంచి ముక్కంతా ముందుకే తోసేస్తున్నారు. తప్పని అనడం లేదు. కానీ ఎప్పుడూ అవే వినే చెవికి నిమిషం సేపు ఏమీ జరగకపోతే బోర్ అనిపిస్తుంది. హిందుస్తానీ సంగీతంలో ఖయాల్ పాడే మనిషి విలంబిత్‌లో, అంటే మెల్లటి నడకలో, కింద స్వరాల దగ్గరే తిరుగుతూ తిరుగుతూ పై షడ్జం, అదే పై 'స', ఎంతకీ అందుకోడు చూడు, ఆ ఆలస్యంలోనే ఉంది మజా అంతా.

మొదటిసారి నచ్చకపోతే కంగారు పడకు. పదే పదే ఎదురైన దాని మీద మనకు ఇష్టం పెరుగుతుందని రాబర్ట్ జాయన్స్ అనే సైకాలజిస్టు 1968లోనే చూపించాడు. హిట్ పాటకు ఆ పని దానంతటదే జరిగిపోతుంది, ఎక్కడో ఒకచోట మోగుతూనే ఉంటుంది గనక. జావా దీవి కంచు వాయిద్యాల మేళం గేమలాన్‌కీ, ఒకే గొంతులో రెండు స్వరాలు పలికించే రష్యాలోని టువా వాళ్ల పాటకీ ఆ భాగ్యం లేదు, అన్నిసార్లూ నువ్వే వినాలి. మూడుసార్లు వినకుండా తీర్పు మాత్రం చెప్పకు.

జాజ్ అర్థం కాదేమోనని టెన్షన్ పడుతున్నావట. పియానో వాయించే డేవ్ బ్రూబెక్ నలుగురి బృందం, అదే బ్రూబెక్ క్వార్టెట్, 1959లో చేసిన 'టేక్ ఫైవ్' పెట్టుకో. డ్రమ్స్ తర్వాత పియానో అందుకోగానే తొడ మీద తాళం వేస్తూ "తకిట తక, తకిట తక" అను. మూడూ రెండూ అయిదు. నాలుగుకి అలవాటుపడిన చెయ్యి కాసేపు తడబడుతుంది, పడనీ. డ్రమ్స్ సోలో మొదలై అంతా గందరగోళంగా అనిపించినప్పుడు కూడా పియానో ఆ అయిదుని వదలదు, దాన్ని పట్టుకుని ఉండు. అదే ఆల్బంలో "తక తక తక తకిట" అని తొమ్మిది దెబ్బలది ఒకటుంది, ఆ నడక బ్రూబెక్ టర్కీ వీధుల్లో వాయించేవాళ్ల దగ్గర విని తెచ్చుకున్నాడు.

ఇంకేం వినాలో తోచకపోతే 1977లో వాయేజర్ అంతరిక్ష నౌకల్లో పంపిన బంగారు రికార్డు జాబితా చూడు. గంటన్నర సంగీతం. జర్మనీ స్వరకర్త బాఖ్ ఉన్నాడు, భైరవి రాగం పాడిన హిందుస్తానీ గాయని కేసర్‌బాయి కేర్కర్ ఉంది, అమెరికా రాక్ అండ్ రోల్ గాయకుడు చక్ బెర్రీ 'జానీ బి. గుడ్' కూడా ఉంది. అది హిట్ పాటే! బాఖ్ పక్కన అది ఉంటే తప్పేంటి అనిపిస్తే నీ గురించి నాకు బెంగ లేదు. మీ పెద్ద మామయ్యకు అలా అనిపించలేదు.

నీ వయసులో అన్నయ్యకీ ఈ పిచ్చే పట్టింది. ముందు కర్ణాటక సంగీతం, తర్వాత జాజ్. ఎంత బాగా వినేవాడో! పల్లవిలో ఒక్క వరసని ఎలా రెట్టిస్తారో, మళ్లీ ఎలా సాగదీస్తారో వేళ్ల మీద లెక్కపెట్టి నాకు చూపించింది అన్నయ్యే. దాంతోపాటే ఒక జబ్బూ అంటుకుంది. రేడియోలో సినిమా పాట వస్తుంటే వచ్చి కట్టేసేవాడు, "ఇదీ ఒక పాటేనా" అని. మీ అమ్మ అప్పటికి చిన్నపిల్ల, బట్టలు మడతపెడుతూ ఏదో ఒకటి పాడుకుంటూ ఉండేది. ఒకరోజు అందరి ముందూ శ్రుతి లేదనీ, పాట చెత్తదనీ రెండూ ఒక్క ఊపులో అనేశాడు. అది ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. అన్నయ్య ఇంట్లో ఉన్నంతసేపూ పాడటం మానేసింది, అంతే. గేటు చప్పుడైతే చరణం మధ్యలోనే ఆగిపోయేది. అంత శ్రద్ధగా వినే మనిషి ఆ ఆగిపోవడాన్ని వినలేదు, నాకు ఇప్పటికీ అదే కోపం.

పోనీ తనైనా సుఖపడ్డాడా? తను వినేది ఇంకో నలుగురు వింటున్నారని తెలిస్తే చాలు, దాన్ని వదిలేసేవాడు. షెల్ఫు నిండా రికార్డులే, పక్కన కూర్చుని వినేవాళ్లు లేరు. చాలా ఏళ్లకు మీ అమ్మ దగ్గర ఆ మాట ఎత్తాడు, ఏదో సర్దిచెప్పబోయాడు. "నాకేం గుర్తులేదన్నయ్యా" అంది. అబద్ధం.

అందుకే ఆ 'బంద్' నాకు నచ్చలేదు. ఉన్నది తీసెయ్యకు, కలుపుకుంటూ పో. అమెరికా నల్లవాళ్ల బ్లూస్ పాటల్లో పన్నెండు బార్ల, అంటే పన్నెండు తాళపు గడుల, లెక్క చెవిలో పడ్డాక చక్ బెర్రీ పాట మళ్లీ విను, ఆ లెక్కే కనిపిస్తుంది.

ఇంకొకటి, నవ్వకు. హెడ్‌ఫోన్స్. పెద్దవాళ్లకు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్, అంతకు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆలాపన మెల్లగా ఉందని సౌండ్ పెంచుతావు, తీరా తాళవాద్యాలు మాత్రమే మోగే తని ఆవర్తనం వచ్చేసరికి మృదంగం నేరుగా కర్ణభేరి మీద పడుతుంది. చెవి లోపలి సన్నటి కణాలు చచ్చిపోతే మళ్లీ పుట్టవు, చెవిలో హోరు మొదలైందా ఇక ఏ రాగమూ ప్రశాంతంగా వినలేవు. ఇంట్లో ఉన్నప్పుడు స్పీకర్లో పెట్టుకో.

మొదటి వారం ఏం విన్నావో రాయి. నచ్చకపోతే నచ్చలేదనే రాయి, ఎవరో గొప్పదన్నారని మొహమాటపడకు. వినేటప్పుడు మీ అమ్మనీ కూర్చోబెట్టుకో. ముందు తనడిగిన పాట, తర్వాతే నీది.

పెద్దమ్మ