రాకెట్ ఖర్చు మీద వ్యాసం రాసిన అమ్మాయికి

అమ్మాయ్,

రాకెట్ల మీద పెట్టే డబ్బు దండగ అని నువ్వు రాసిన వ్యాసం చదివాను. "చంద్రుడి మీద కాలు పెట్టారు గానీ మా ఊరి పుంత దారిలో వర్షాకాలం కాలు పెట్టలేం" అనే మొదటి వాక్యానికి సభలో చప్పట్లు ఖాయం. నాకు దాంతోనే పేచీ. అది చప్పట్ల కోసమే పుట్టిన వాక్యం. నీకంటే ముందు చాలామంది వాడేశారు. 1969లో చంద్రుడి మీదకి మనుషుల్ని తీసుకెళ్ళిన అపోలో 11 ఎగరడానికి ముందు రోజు రాల్ఫ్ అబర్నాతీ అనే నల్లజాతి నాయకుడు పేద కుటుంబాల్ని వెంటబెట్టుకుని, కంచరగాడిదలు కట్టిన బళ్ళతో కెన్నెడీ స్పేస్ సెంటర్ దగ్గరికెళ్ళి సరిగ్గా ఇదే అడిగాడు. నాసా అధిపతి థామస్ పెయిన్ బయటికొచ్చి, రేపు మేం బటన్ నొక్కకపోతే మీ కష్టాలు తీరతాయంటే నొక్కం అన్నాడు. ఇది అందరూ చెప్పేదే. నాకు నచ్చేది ఆ తర్వాతది. వ్యోమగాములు క్షేమంగా తిరిగి రావాలని ప్రార్థిస్తామన్నాడు అబర్నాతీ. అడగాల్సింది గట్టిగా అడిగాడు, ఎదుటివాళ్ళ పనిని మాత్రం తీసిపారెయ్యలేదు. నీ వ్యాసంలో ఆ పెద్దరికం లేదు, వయసుతో వస్తుందిలే అనుకుని ఊరుకోబుద్ధి కాలేదు, అందుకే ఈ ఉత్తరం.

ముందు లెక్క చూసుకో. "వేల కోట్లు" అని నాలుగుసార్లు రాశావు, ఎన్ని వేలో ఒక్కసారీ రాయలేదు. 2024-25లో అంతరిక్ష శాఖకి కేటాయించింది దాదాపు 13 వేల కోట్లు. ఆ ఏడు కేంద్ర బడ్జెట్ 48 లక్షల కోట్ల పైచిలుకు. అంటే వంద రూపాయల్లో 27 పైసలు, పావలా మీద రెండు పైసలు ఎక్కువ. అదే ఏడు ఉపాధి హామీకి 86 వేల కోట్లు. ఈ పావలా ఆపేసినంత మాత్రాన మీ పుంతలో కంకర పడదు. కంకర ఎందుకు పడలేదో తెలియాలంటే పంచాయతీ ఆఫీసుకెళ్ళి ఫైలు ఎక్కడ ఆగిందో అడగాలి. అది ఇంకో వ్యాసం, బహుశా ఇంతకంటే మంచి వ్యాసం.

అలాగని పావలాయే కదా అని వదిలెయ్యమనీ చెప్పను. ఏటా ఇచ్చే ఆ పావలాలో ఏమేం ఉన్నాయో విడదియ్యి. తుఫాను కన్ను ఎటు తిరుగుతోందో చూసే ఇన్సాట్ ఉపగ్రహాలూ దాంట్లోవే, 615 కోట్లతో 2023 ఆగస్టు 23న చంద్రుడి మీద దిగిన చంద్రయాన్-3 కూడా దాంట్లోదే, మనుషుల్ని పైకి పంపే గగన్‌యాన్ కూడా అంతే. ఇస్రోని వెనకేసుకొచ్చేవాళ్ళు చేసే గడుసు పని ఏంటంటే, గగన్‌యాన్ ఎందుకని అడిగితే తుఫాను హెచ్చరికలు చూపిస్తారు. తిట్టేవాళ్ళు చంద్రయాన్ చూపించి మొత్తం శాఖే దండగంటారు. నువ్వు రెండో జట్టులో చేరావు. నన్నడిగితే తుఫాను ఉపగ్రహాల ఖర్చు మీద నాకు రవ్వంత కూడా అనుమానం లేదు. చంద్రయాన్ అంటావా, ఆ డబ్బుకి అంత పని జరగడం గొప్పే, దాన్నీ సమర్థిస్తాను. గగన్‌యాన్ దగ్గర మాత్రం నీ ప్రశ్నకి పదునుంది. 2018లో పది వేల కోట్ల లోపు అన్నది, పైన కక్ష్యలో కట్టబోయే అంతరిక్ష కేంద్రం పనులు కూడా కలిపాక 2024కి 20 వేల కోట్లు దాటింది. అక్కడ నిలబడి అడుగు, నేనూ పక్కన నిలబడతాను.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు ముమ్మిడివరం దగ్గర పుట్టి పెరిగి, అంతరిక్షం ఖర్చు మీద వ్యాసం రాసి, అందులో 1996 నవంబరు 6 నాటి తుఫాను లేకపోవడం ఏంటమ్మా? నువ్వు అప్పటికి పుట్టలేదు సరే, మీ నాన్నమ్మ ఉంది కదా! 1977లో దివిసీమ ఉప్పెనకి పదివేల మంది దాకా పోయినప్పుడు మనకి పైనుంచి కాపు కాసే సొంత ఉపగ్రహం లేదు. 1996కి ఉంది. హెచ్చరికలూ ఇచ్చారు. అయినా ఆ రాత్రి కోనసీమలో వెయ్యి మందికి పైగా పోయారు, వేటకెళ్ళిన వాళ్ళు ఎంతోమంది ఇళ్ళకి రాలేదు. తెల్లారి చూస్తే కొబ్బరి చెట్లు కొన్ని మొదలంటా పడిపోయి, కొన్ని నడిమికి విరిగి, నిలబడ్డవాటికి మొవ్వు మెలి తిరిగిపోయి ఉన్నాయి. మొక్క పెడితే కాపుకొచ్చేసరికి ఐదారేళ్ళు, అన్నాళ్ళూ కాయ దింపు లేదు, దింపు కూలీలకి పని లేదు.

పైన ఉపగ్రహం ఉండి కూడా కింద అంతమంది ఎందుకు పోయారు? నువ్వు రాయాల్సిన వ్యాసం ఇది. బొమ్మ తీసింది ఉపగ్రహమే, కానీ ఆ కబురు వాతావరణ శాఖ నుంచి కలెక్టరాఫీసుకి, అక్కడి నుంచి మండలానికి, మండలం నుంచి తీరాన ఉన్న భైరవపాలెం లాంటి ఊళ్ళకి రావాలి. వచ్చినా, ఇల్లు వదిలి పోవడానికి షెల్టరు ఉండాలి, షెల్టరుకి దారుండాలి. 2013లో ఫైలిన్ తుఫాను వచ్చినప్పుడు ఒడిశా, మన ఉత్తర కోస్తా కలిపి పది లక్షల మంది దాకా ముందే తరలించారు, చనిపోయినవాళ్ళ సంఖ్య పదుల్లోనే ఆగింది. పైన కళ్ళు మెరుగయ్యాయి, నిజమే, కానీ కింద షెల్టర్లు, రోడ్లు, బస్సులు, అర్ధరాత్రి తలుపు కొట్టే వీఆర్వో కూడా ఉన్నారు. ఇప్పుడు చెప్పు, మీ పుంత రోడ్డూ ఆ ఉపగ్రహమూ ఒకదానికొకటి శత్రువులా? నువ్వు రెంటికీ తగువు పెట్టి కూర్చున్నావు.

ఇంకోటి. హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అని సముద్రం సంగతులు చెప్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. సముద్రం పైనీటి వేడి ఎంతుంది, నాచు రంగు ఎక్కడ చిక్కగా ఉంది అని ఉపగ్రహాల ద్వారా చూసి, ఫలానా రేవు నుంచి ఫలానా దిక్కున, ఇంత దూరంలో, ఇంత లోతున చేప దొరకొచ్చని తెలుగులో కూడా చెబుతుంది. డీజిలు పోసేవాడికి దాని విలువ తెలుస్తుంది. కాకినాడ రేవుకెళ్ళి బోటు సరంగుల్ని అడుగు, అది చూసి వెళ్తారా, లేక తాత చెప్పిన గుర్తులే నమ్ముతారా, ఫోను సిగ్నలు ఎంత దూరం దాకా ఉంటుంది, ఆ తర్వాత తుఫాను కబురు ఎలా తెలుస్తుంది అని. 2017లో ఓఖీ తుఫాను అప్పుడు కేరళ, తమిళనాడు వాళ్ళు చాలామంది సిగ్నలు అందని దూరంలోనే చిక్కుకుపోయారు. జవాబు నీకు అనుకూలంగా రాకపోయినా రాసుకో. అప్పుడే రాసుకోవాలి ముఖ్యంగా.

ఖర్చంటే రూపాయలే అనుకోకు. రాకెట్లు ఎగరెయ్యడానికి శ్రీహరికోటని ఎంచుకున్నాక ఆ దీవిలో తరతరాలుగా ఉన్న యానాదుల్ని ఖాళీ చేయించారు. ఏ బడ్జెట్ పుస్తకంలోనూ అది కనపడదు. అలాగే అక్కడి నుంచి వందో ప్రయోగం అని 2025 జనవరిలో సంబరాలు చేసుకున్నాం చూడు, ఆ ఎన్‌వీఎస్-02 ఉపగ్రహం వాల్వు తెరుచుకోక అనుకున్న కక్ష్యకి చేరనే లేదు. దారి చూపించే నావిక్ వ్యవస్థలోది అది, సముద్రంలో ఉన్నవాడికి పనికొచ్చేది. ఇలాంటివి అడిగితే దేశభక్తి లేదంటారు. అననీ.

మన ప్రయోగాలకి హాలీవుడ్ సినిమా కంటే తక్కువ ఖర్చు, ఆటో చార్జీ కంటే చౌక అన్న పోలికలు రెండూ కొట్టెయ్యి, వాట్సాప్‌లో అరిగిపోయాయి. చివరి పేరా మొత్తం తీసెయ్యి, అందులో నువ్వు మంత్రిగారిలా మాట్లాడావు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, వలలు బాగు చేసుకుంటూ కూర్చుంటారు, మాట్లాడే తీరిక దొరుకుతుంది. పొద్దున్నే వెళ్ళు, పది దాటితే ఇసుక కాలిపోతుంది. మీ నాన్నమ్మ దగ్గర మాత్రం ఈ వారమే కూర్చో.