ఆ బియ్యం సీసా గురించి రాయి

పెరంబూరు, చెన్నై
అక్టోబరు చివరివారం

ప్రియమైన అమ్మాయికి,

ప్రభువు పేరట వందనాలు. సంఘ పత్రిక నవంబరు సంచిక కోసం మీ నాయనమ్మ గురించి రాసింది అందింది. మొహమాటం లేకుండా చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నాను.

మొదటి రెండు పేజీల్లో ప్రేమమూర్తి, త్యాగమూర్తి, ప్రార్థనాపరురాలు అన్న మాటలు కనిపించాయి గానీ మీ నాయనమ్మ కనిపించలేదు. అవి అబద్ధమని నేననను. జ్ఞాపకార్థ కూడికల్లో ఎవరి గురించైనా మనం అవే మాటలు చెబుతాం, అందుకే వాటితో ఏ ఒక్క మనిషీ గుర్తుకు రారు. మూడో పేజీలో ఒక వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. ఎసరు పెట్టి బియ్యం కొలిచాక అందులోంచి ఒక పిడికెడు తీసి పాత హార్లిక్స్ సీసాలో వేసేది అన్నావు. అంతే, వెంటనే మళ్లీ ఆమె భక్తిని పొగడటంలో పడ్డావు.

నీ వ్యాసం ఆ సీసా దగ్గర మొదలవ్వాలి. మన పాత సంఘాల్లో చాలామంది ఆడవాళ్లు అలా దేవుడి వంతు తీసి ఆదివారం గుడికి తెచ్చేవారు. మీ నాయనమ్మ ఎలా తెచ్చేది, గుడ్డ సంచిలోనా, సీసాతోనేనా? ఆ బియ్యం చివరికి ఎవరింట్లో ఉడికింది? నెలాఖరుకు రేషన్ బియ్యం అయిపోయి గంజి కాచుకున్న రోజుల్లో కూడా పిడికెడు తీసిందా, లేక సీసాలోంచే కాస్త వెనక్కి తీసుకుందా? తీసుకుని ఉంటే అదీ రాయి. మీ మేనత్తకు తెలిసుంటుంది. ఫోన్ చేసి అడగకు, వెళ్లి పక్కన కూర్చో.

అపొస్తలుల కార్యములు తొమ్మిదో అధ్యాయం ఒకసారి తియ్యి. యొప్పే పట్టణంలో దొర్కా అనే శిష్యురాలు చనిపోయింది. పేతురు మేడగది ఎక్కేసరికి విధవరాండ్రందరూ ఏడుస్తూ వచ్చి అతని దగ్గర నిలబడ్డారు. ఆమె తమతో ఉన్నప్పుడు కుట్టిన అంగీలు, బట్టలు చూపించారు. సత్‌క్రియలు, ధర్మకార్యాలు చాలా చేసిందని అంతకుముందే రాసి ఉంది. అది చదివితే ఆమె మంచిదని తెలుస్తుంది. ఆ బట్టల దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొంతు పట్టేస్తుంది. ఇది దొర్కా కుట్టింది, ఇది నేను కట్టుకున్నాను అని చూపించడంలోనే వాళ్ల దుఃఖమూ ఉంది, కృతజ్ఞతా ఉంది. పోయినవాళ్ల గురించి ఎలా రాయాలో నేను నేర్చుకున్నది ఆ ఒక్క వచనం నుంచే.

రోమా పత్రిక చివర్లో పౌలు రూఫుకు వందనాలు చెబుతూ, అతని తల్లికి కూడా చెబుతాడు, ఆమె నాకూ తల్లే అంటాడు. ఆమె పేరైనా మనకు తెలియదు. కానీ తీసుకున్నది ఒప్పుకుంటున్న మనిషి గొంతు అందులో వినిపిస్తుంది. నీ వ్యాసంలో అందరికీ ఆమె చేసిన మేలు ఉంది, నీకు చేసింది లేదు. ఎందుకు దాచావు?

ఇక రాలే ఆకులు. శరత్తులో ఆకుల్లా మనుషులు రాలిపోతారని మొదలుపెట్టావు. అది తీసెయ్. నవంబరులో మీ అయనావరంలో కనిపించేది వాన. నవంబరు 2న కీల్పాక్ సమాధుల తోటకు వెళ్లి చూడు. చనిపోయినవాళ్లను తలుచుకునే ఆ రోజును తమిళ క్రైస్తవులు కల్లరై తిరునాళ్ అంటారు, తెలుగు కతోలికులు సమాధుల పండుగ అంటారు. కొత్తగా వేసిన సున్నం వానకు కారిపోయి ఉంటుంది. చామంతి దండలు బురదలో తడుస్తుంటాయి. గాలికి కొవ్వొత్తి ఆరిపోకుండా ఎవరో అరచెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంటారు. చోటు చాలక కుటుంబ సమాధినే మళ్లీ తెరుస్తారు కాబట్టి ఒకే రాతి మీద తాత పేరు, కొడుకు పేరు, కోడలి పేరు, ఒక్కోటి ఒక్కో రకం అక్షరాల్లో ఉంటాయి. ఇదంతా కళ్లముందు పెట్టుకుని పరాయి దేశపు ఆకులు దేనికి?

ఈ పండుగను నవంబరు 2న మొదలుపెట్టింది ఫ్రాన్సులోని క్లూనీ మఠాధిపతి, ఓడిలో అనే ఆయన, సుమారు వెయ్యేళ్ల కిందట. అక్కడ అది కోతలైపోయి చలి దిగే కాలం, ఆకులు రాలడం వాళ్లు చూసేదే. మీ పెద్దవాళ్లది నెల్లూరు జిల్లా. ఆ వైపు నవంబరంటే నార్లు, నాట్లు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక పదిహేనో అధ్యాయంలో పౌలు మృతుల గురించి మాట్లాడింది కూడా విత్తనం భాషలోనే, విత్తింది చస్తేనే గాని బతకదని. మీ ఊరి నవంబరే ఆ అధ్యాయానికి దగ్గర.

మన బాప్టిస్టు సంఘాల్లో ఈ పండుగ లేదు కదా, రాయొచ్చా అని అడిగావు. మనవాళ్లు ఈస్టరు తెల్లవారుజామున సమాధుల దగ్గరికి వెళ్తారు. కతోలికులు మృతుల ఆత్మల కోసం ప్రార్థిస్తారు, మనం వాళ్లను ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం చెబుతాం. ఆ తేడా మీద వాదన పెట్టకు. మీకు వాక్యం బోధించినవాళ్లను జ్ఞాపకం చేసుకోండని హెబ్రీ పత్రిక 13లో ఉంది. నీకు మొదటి వాక్యం నేర్పింది మీ నాయనమ్మే కదా.

నిరీక్షణ ఉంది కాబట్టి మేము ఏడవలేదు అన్న వాక్యం కూడా కొట్టెయ్. నువ్వు ఏడ్చావు, నేను చూశాను. నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడవద్దని పౌలు థెస్సలొనీకయులకు రాశాడు గానీ, దుఃఖమే వద్దనలేదు. చనిపోయిన లాజరును కాసేపట్లో లేపబోతూ కూడా యేసు కన్నీళ్లు పెట్టుకున్నాడు.

చివరిగా ఒక కష్టమైన సంగతి. పెళ్లి విషయంలో మీ బాబాయితో ఆమె చాలాకాలం మాట్లాడలేదని సంఘంలో పెద్దవాళ్లందరికీ తెలుసు. నీ వ్యాసంలో ఆ బాబాయే లేడు. దావీదు తప్పును బైబిలు దాచలేదు, అయినా అతని కీర్తనలు మనం పాడుకుంటూనే ఉన్నాం. ఆమె పంతాన్ని కూడా రాస్తేనే ఆ పిడికెడు బియ్యం తీసింది మనలాంటి మనిషేనని నమ్ముతారు. అయితే అది నీ ఒక్కదాని కథ కాదు, బాబాయిది కూడా. ఆయన వద్దంటే వదిలెయ్, సరేనంటే ఆయన చెప్పినట్టే రాయి. నవంబరు సంచికకు అందదేమోనని టెన్షన్ పడకు, ఈస్టరు సంచిక ఉంది. బాబాయి చదివాకే నాకు పంపు.

ప్రభువు ప్రేమలో,
పెద్దమ్మ