రొమ్ము ఇంప్లాంట్: 275 సీసీ సరిపోతుందా, 400 సీసీ పెట్టించుకోవాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 31 ఏళ్లు. మాది నర్సాపురం దగ్గర పల్లెటూరు. ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం, బరువు 49 కిలోలు. ఇద్దరు పిల్లలు. చిన్నదానికి పాలు మాన్పించి ఎనిమిది నెలలైంది. అప్పటి నుంచి రొమ్ములు బాగా తగ్గిపోయాయి. పైభాగం ఖాళీ అయిపోయినట్టుంది, ఎడమది ఇంకా చిన్నగా కనిపిస్తోంది. ఇంప్లాంట్లు పెట్టించుకుందామనుకుంటున్నాను, మా వారు కూడా సరేనన్నారు. సర్జన్ గారు కొలతలు తీసుకుని 275 సీసీ సరిపోతుందన్నారు. కువైట్‌లో ఉండే నా ఫ్రెండ్ 400 పెట్టించుకుంది. ఫొటోల్లో చాలా బాగుంది. ‘తక్కువ పెట్టించుకుంటే తర్వాత బాధపడతావు, మళ్లీ డబ్బు తగలేయాలి’ అంటోంది. ఎటూ తేల్చుకోలేక టెన్షన్‌గా ఉంది. నేను రోజూ నాలుగైదు గంటలు వంగి కూర్చుని లేసు అల్లుతాను. బరువు ఇబ్బంది అవుతుందా? ఏ సైజు మంచిది?
– ఒక పాఠకురాలు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, మిమ్మల్ని చూడకుండా ఇదే సైజు అని నేను చెప్పకూడదు. అయితే మీ ఎత్తు, బరువు చూస్తే 275 అన్న మాట నాకు సబబుగానే అనిపిస్తోంది. ఆ అంకె మీ ఒంటి మీద టేపు పెట్టి కొలిస్తే వచ్చింది. 400 మాత్రం ఇంకొకరి ఒంటి నుంచి వచ్చింది. పక్కింటావిడ ఆది జాకెట్టు ఇచ్చి మన జాకెట్టు కుట్టించుకోం కదా.

ఇంప్లాంట్ అంటే సిలికాన్ జెల్ నింపిన మెత్తటి సంచి. అందులో ఎంత జెల్ పడుతుందన్న లెక్క మాత్రమే సీసీ. ఒక సీసీ అంటే ఒక మిల్లీలీటరు. ఒంట్లోకి వెళ్లాక ఎంత కనిపిస్తుందన్నది ఆ అంకె చెప్పదు. ఛాతీ వెడల్పుగా ఉండి, ముందే కాస్త కండ పట్టి ఉన్న మనిషిలో 400 సీసీ ఎంత కనిపిస్తుందో, సన్నటి ఛాతీ మీద 275 కూడా అంతే కనిపించవచ్చు. బ్రా కప్పు సైజునూ నమ్ముకోవద్దు. 32 బి, 36 బి రెండూ ‘బి’ కప్పులే అయినా వాటిలో పట్టే పరిమాణం ఒకటి కాదు. పైగా కంపెనీ మారితే కొలత మారుతుంది. అందుకే ‘నాకు సి కప్పు రావాలి’ అని ఎవరైనా అడిగితే మేం మాట ఇవ్వం. ఇచ్చేవాళ్లుంటే కొంచెం అనుమానించండి.

సైజును తేల్చేది రొమ్ము అడుగు వెడల్పు. మీ సర్జన్ గారు మిమ్మల్ని నిలబెట్టి, రెండు కొనలున్న ఇనుప కొలబద్దతో రొమ్ము లోపలి అంచు నుంచి చంక వైపు అంచు దాకా కొలిచి ఉంటారు. మెడ కింద ఎముక గుంట నుంచి చనుమొనకు, చనుమొన నుంచి కింది మడతకు ఎంత దూరమో కూడా టేపుతో చూసి ఉంటారు. ఆ తర్వాత రొమ్ము పైభాగాన్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి చూస్తారు. అలా పట్టినప్పుడు మందం రెండు సెంటీమీటర్ల కన్నా తక్కువ వస్తే ఇంప్లాంట్ అంచును కప్పడానికి పైన తగినంత కండ లేదని అర్థం. అప్పుడు పైభాగమైనా ఛాతీ కండరం కిందకి వెళ్లేలా పెడతారు. పాలిచ్చి సన్నబడ్డ తల్లుల్లో ఎక్కువగా ఇదే పరిస్థితి. మీరు ‘పైభాగం ఖాళీ అయిపోయింది’ అని రాశారు కాబట్టి మీకూ అలాగే ఉండొచ్చని నా ఊహ.

మీ వెడల్పు 11.5 సెంటీమీటర్లు అనుకుందాం. ఇంప్లాంట్ అడుగు దానికన్నా కాస్త తక్కువే ఉండాలి. అందులోనూ రకాలున్నాయి. ఒకే 300 సీసీని వెడల్పుగా, చదునుగా చేస్తారు. ఇరుకుగా, ముందుకు పొడుచుకు వచ్చేలా కూడా చేస్తారు. దీన్నే ‘ప్రొఫైల్’ అంటారు. కాబట్టి ‘275 ఆ, 300 ఆ’ అని అడిగేముందు ‘నా వెడల్పు ఎంత వచ్చింది, మీరు అనుకుంటున్న ఇంప్లాంట్ వెడల్పు ఎంత, ప్రొఫైల్ ఏది?’ అని అడగండి. ఆ మూడూ కాగితం మీద రాయించుకోండి. చెప్పడానికి విసుక్కునే డాక్టర్ దగ్గర ఈ ఆపరేషన్ చేయించుకోవద్దని నా గట్టి సలహా.

11.5 వెడల్పులో 13 సెంటీమీటర్ల ఇంప్లాంట్ దూరిస్తే ఏమవుతుంది? ఒకవైపు చంకలోకి పొడుచుకొచ్చి చెయ్యి కిందకి దించినప్పుడల్లా తగులుతుంది. ఇంకోవైపు రెండు రొమ్ముల మధ్య ఉండాల్సిన ఖాళీ చెరిగిపోయి రెండూ కలిసిపోయినట్టు కనిపించే ప్రమాదం ఉంది. దాన్ని సరిచేయడం మా వృత్తిలో కష్టమైన పనుల్లో ఒకటి. వెడల్పు సరిపోయినా బరువు ఎక్కువైతే కింది మడత నిలవక ఇంప్లాంట్ కిందకి జారుతుంది, చనుమొన పైకి చూస్తున్నట్టు ఉంటుంది. పలచటి చర్మం కింద ముడతలు తేలతాయి, వేలితో తడిమితే అంచు దొరుకుతుంది. ఇవన్నీ మొదటి సంవత్సరంలో బయటపడకపోవచ్చు. మీ స్నేహితురాలి ఫొటోలు ఆపరేషన్ అయిన ఎన్నాళ్లకు తీసినవో అడిగి చూడండి. మొదటి కొన్ని నెలలు వాపు వల్ల, కండరం బిగువు వల్ల అందరివీ నిండుగా, ఎత్తుగానే ఉంటాయి. కుదురుకోవడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటుంది. ఇంప్లాంట్ నచ్చకపోతే తీసేయొచ్చు. కానీ దాని ఒత్తిడికి పలచబడిన కండ, సాగిన చర్మం మళ్లీ మునుపటిలా అవ్వవు. పెద్ద సైజు పెట్టించుకుని పదేళ్ల తర్వాత చిన్నదానికి మార్చుకుందామని వచ్చేవాళ్లకు, ఇంప్లాంట్ మార్చడంతో పాటు మిగిలిపోయిన చర్మాన్ని కత్తిరించి ఎత్తి కుట్టాల్సి వస్తుంది. అంటే ఇంకో పెద్ద మచ్చ. ఇది సౌందర్యం కోసం చేసేది కాబట్టి ఆరోగ్యశ్రీ గానీ, మామూలు ఆరోగ్య బీమా గానీ వర్తించవు. రెండో ఆపరేషన్ ఖర్చు కూడా మీ చేతి నుంచే.

అలాగని మీ స్నేహితురాలి మాటను కొట్టిపారేయను. సైజు నచ్చక మళ్లీ ఆపరేషన్‌కి వచ్చేవాళ్లున్నారు, వాళ్లలో ‘ఇంకాస్త పెద్దది పెట్టించుకోవాల్సింది’ అనేవాళ్లూ ఉన్నారు. దానికి మందు ముందే చూసుకోవడం. మీ వెడల్పు ఒప్పుకునే గరిష్ఠం ఎంతో సర్జన్ గారిని అడగండి. బహుశా 275 నుంచి 300, 325 మధ్య ఒక గీత గీస్తారు. మనసులో ‘కొంచెం ఎక్కువే కావాలి’ అనుంటే ఆ గీత లోపల పై అంకె తీసుకోండి, గీత దాటొద్దు. 25 సీసీ తేడా గురించి మాత్రం నిద్ర పాడుచేసుకోకండి. అది రెండు టేబుల్ స్పూన్ల కన్నా తక్కువ, బయటివాళ్ల కంటికి తెలియదు.

సర్జన్ దగ్గర బ్రాలో పెట్టుకుని చూసుకునే నమూనాలు ఉంటాయి, అడిగి పెట్టుకోండి. అవి లేకపోతే ఇంట్లో బియ్యంతో చూసుకోవచ్చు. ఇది సర్జన్లు కూడా చెప్పే పద్ధతే. మిల్లీలీటర్ల గీతలున్న కొలత గ్లాసు తీసుకోండి. వరి పండే సీమలో బియ్యానికి లోటేముంది, ఇంట్లో ఉన్న స్వర్ణ అయినా సరే, 275 గీత దాకా పోయండి. మెత్తటి పలచని మేజోడులోకి వంచి, గాలి లేకుండా నొక్కి ముడి వేయండి. ఇలా రెండు చేయండి. కుట్లు, కప్పు గట్టిదనం లేని మెత్తటి స్పోర్ట్స్ బ్రా, మీరు అనుకుంటున్న సైజుది, వేసుకుని లోపల సర్దుకోండి. ముడి కిందకి, వెనక్కి ఉండాలి. పైన మీరు మామూలుగా వేసుకునే జాకెట్టు కాకుండా వదులు నైటీ, చుడీదార్, ఆ తర్వాత చీర, అన్నీ వేసి చూసుకోండి.

అద్దం ముందు ఐదు నిమిషాలు నిలబడి తీసేస్తే ఏమీ తెలియదు. పూటంతా ఉంచుకోండి. వాకిలి ఊడవండి, వంగి ముగ్గు పెట్టండి, పిల్లని ఎత్తుకోండి. ముఖ్యంగా మీరు రోజూ కూర్చునే చోటే కూర్చుని, రోజూ వంగినట్టే వంగి రెండు గంటలు లేసు అల్లండి. మర్నాడు 400తో ఇదే చేయండి. ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. 275 మిల్లీలీటర్ల బియ్యం తూకంలో 220 గ్రాముల దగ్గరే వస్తుంది, సిలికాన్ జెల్ అయితే ఇంచుమించు నీళ్లంత బరువు. అంటే అసలు ఇంప్లాంట్ ఇంకా బరువుగా ఉంటుంది. 275 జత అరకిలో పైన, 400 జత ఎనిమిది వందల గ్రాములు. ఆ పావుకిలో తేడా నిలబడితే తెలియదు గానీ, రోజూ గంటల తరబడి మెడ వంచి సూది మీద చూపు పెట్టే మీకు మెడ నరాల్లో, భుజాల్లో తెలుస్తుంది. మీ జీవనాధారం ఆ కూర్చునే పనే కాబట్టి దీన్ని నేను అందానికన్నా ముందు లెక్కలోకి తీసుకుంటాను. బయట బ్రాలో పెట్టుకున్నంత నిండుగా లోపల, కండరం కింద, కనిపించదన్నది కూడా దృష్టిలో పెట్టుకోండి.

సైజు తేల్చుకునేలోపు ఇంకో సంగతి చూసుకోవాలి. బ్రా లేకుండా అద్దం ముందు పక్కకి తిరిగి నిలబడండి. చనుమొన రొమ్ము కింది మడత కన్నా పైన ఉంటే ఇంప్లాంట్ ఒక్కటే సరిపోవచ్చు. మడతకు సమానంగా గానీ, కిందకి గానీ ఉంటే అది జారిన రొమ్ము. ఆ జారుడును పెద్ద ఇంప్లాంట్‌తో నింపేద్దాం అనుకోవడం పెద్ద పొరపాటు. బరువుకి ఇంకా జారుతుంది. అలాంటప్పుడు పైకెత్తి కుట్టే ‘లిఫ్ట్’ కావాలి. కొందరికి లిఫ్ట్ ఒక్కటి చేస్తేనే తృప్తిగా ఉంటుంది, ఇంప్లాంట్ అవసరమే పడదు.

ఎడమవైపు చిన్నగా ఉండటం గురించి కంగారు వద్దు. రెండూ అచ్చంగా సమానంగా ఉన్న ఆడవాళ్లు అరుదు. అవసరమైతే రెండు వైపులా వేర్వేరు సైజులు పెడతారు. ఆపరేషన్ బల్ల మీద తాత్కాలిక నమూనా పెట్టి, మిమ్మల్ని కూర్చోబెట్టిన భంగిమలో చూసి తుది నిర్ణయం తీసుకునే సర్జన్లూ ఉన్నారు.

మూడో బిడ్డ ఆలోచన ఏమాత్రం ఉన్నా ఇప్పుడు ఆగండి. కాన్పు, పాలివ్వడం తర్వాత రొమ్ము మళ్లీ మారుతుంది, ఇప్పుడు తీసిన కొలతలన్నీ వృథా. ఆ ఆలోచన లేకపోతే మీరు పాలు మాన్పించి ఎనిమిది నెలలైంది కాబట్టి సమయం సరిపోయింది, బరువు నిలకడగా ఉంటే చాలు. కోత రొమ్ము కింది మడతలో పెట్టమనండి. చనుమొన చుట్టూ కోస్తే పాల నాళాలు, స్పర్శ దెబ్బతినే అవకాశం ఎక్కువ. ఇంట్లో అమ్మకో, అక్కకో, పిన్నికో రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే అది సర్జన్‌కి మొదటే చెప్పాలి. లేకపోయినా ఆపరేషన్‌కి ముందు ఒక అల్ట్రాసౌండ్ చేయించుకోండి. తర్వాతెప్పుడు మామోగ్రామ్‌కి వెళ్లినా ఇంప్లాంట్ ఉందని టెక్నీషియన్‌కి చెప్పాలి, వాళ్లు ఫిల్ములు వేరే కోణాల్లో తీస్తారు.

చేసేవారు ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ గానీ, డీఎన్‌బీ గానీ చేసినవారై ఉండాలి. మత్తు డాక్టరు విడిగా ఉండాలి. బ్యూటీ క్లినిక్ పేరు మీద ఎవరో చేస్తానంటే ఒప్పుకోకండి. హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో చేయించుకుంటే మర్నాడు రాత్రి బస్సెక్కి వచ్చేయవద్దు. లోపల రక్తం గడ్డకట్టి ఒక్కసారిగా ఒకవైపు వాచిపోవడం లాంటివి ఎక్కువగా మొదటి రోజుల్లోనే జరుగుతాయి. అప్పుడు గంటల్లో మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్లాలి. కనీసం ఆ మొదటి పరీక్ష అయ్యేదాకా ఆసుపత్రికి దగ్గర్లోనే ఉండండి. ఆ తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలు బిందెలు, బియ్యం బస్తాలు, పిల్లలు, ఏ బరువూ ఎత్తకూడదు. మన ఎండాకాలపు ఉక్కలో బిగుతు సర్జికల్ బ్రా రాత్రింబవళ్లు వేసుకోవడం నరకం, చెమటకి కుట్ల దగ్గర పాచిపోతుంది. వీలైతే చలికాలంలో పెట్టుకోండి. పొగాకు అలవాటు ఏ రూపంలో ఉన్నా, అడ్డచుట్టతో సహా, కొన్ని వారాల ముందే మానాలి.

ఇంప్లాంట్ జీవితాంతం ఉండే వస్తువు కాదు. మీకిప్పుడు 31 ఏళ్లే. ఎప్పుడో ఒకప్పుడు మార్చాల్సి వస్తుందన్న లెక్కతోనే దిగండి. సిలికాన్ లోపల చిరిగినా చాలాసార్లు బయటికి తెలియదు. అందుకే బాధలేమీ లేకపోయినా 5-6 ఏళ్లకు మొదటి అల్ట్రాసౌండ్ లేదా ఎంఆర్ఐ, ఆ తర్వాత 2-3 ఏళ్లకోసారి చేయించుకోవాలని అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ చెబుతోంది. గరుకు పైపొర ఉన్న ఇంప్లాంట్ల వల్ల అరుదుగా ఒక రకం లింఫోమా, అంటే రోగనిరోధక కణాల క్యాన్సర్, వస్తోందని తేలి, అలర్గాన్ కంపెనీ 2019 జులైలో తన బయోసెల్ రకాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. కాబట్టి నున్నటి పైపొర ఉన్నదే అడగండి. కంపెనీ పేరు, సైజు, సీరియల్ నంబరు ఉన్న కార్డు ఇస్తారు, దాన్ని ఆధార్ కార్డుతో పాటు దాచుకోండి, ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. ఎన్నేళ్ల తర్వాతైనా ఒకవైపు ఉన్నట్టుండి వాస్తే వేడి నీళ్ల కాపడం పెట్టుకుంటూ కూర్చోకుండా, ఆ కార్డు పట్టుకుని వెంటనే ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి వెళ్లి, లోపల చేరిన నీటిని తీసి ఆ లింఫోమా ఉందేమో పరీక్షకి పంపమని అడగండి.